అరవై ఒకటో నంబరు సర్క్యులర్

జీలుగువలస జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లల్ని నాలుగు హౌసులుగా పంచిన రోజున అటెండరు తవిటయ్య చేసిన పని ఒక్కటే. చాక్‌పీసుల డబ్బా కదలకుండా పట్టుకుని నిలబడడం. డబ్బాలో చీటీలున్నాయి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చీటీ తీసి, రంగు చూసుకుని, ఆ రంగు జెండా కిందికి పోయి నిలబడ్డారు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. నూట తొంభై మంది గంటన్నరలో నాలుగు జాతులైపోయారు.

పట్నంలో పేరు మోసిన ప్రైవేటు బడులన్నిట్లో హౌసులున్నాయనీ, అందుకే అవి బాగున్నాయనీ, కాబట్టి హౌసులు పెడితే మన బడులూ బాగుపడతాయనీ పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆ బడుల్లో పంకాలు కూడా ఉన్నాయి. వాటి సంగతి ఆర్డరులో లేదు.

పిల్లల తరవాత టీచర్లు కూడా చీటీలు తీశారు. ఉన్నది ఎనిమిది మంది, హౌసుకి ఇద్దరు. లెక్కల ఉమాపతి మాస్టారు, సైన్సు టీచరమ్మ ఎరుపు హౌసుకి పోయారు. తెలుగు, హిందీ నీలానికి. ఇంగ్లీషు, సోషల్ పసుపుకి. మిగిలిన డ్రిల్లు మాస్టారు దాలినాయుడు, కుట్టుపని టీచరమ్మ ఆకుపచ్చకి దక్కారు.

తవిటయ్య కూతురు హైమ అప్పుడు పదో తరగతి. ఆమె చీటీ కూడా ఆకుపచ్చే.

అందరి పంపకం అయ్యాక డబ్బా అడుగున ఒక్క చీటీ కూడా మిగల్లేదు. తవిటయ్య డబ్బా బోర్లించి చూపించాడు. "మరి నాను ఏ హౌసు సారూ?"

హెడ్మాస్టరు కూర్మారావు గారు ఆర్డరు ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. "అటెండరు ప్రస్తావన లేదు తవిటయ్యా. నువ్వు తటస్థం."

ఆ మాట అర్థం ఏదైనా, ఆ రోజు నుంచి బడి మొత్తంలో ఏ గదిలోకైనా అడ్డు లేకుండా పోగలిగిన మనిషి తవిటయ్య ఒక్కడే అయ్యాడు.

మొదటి నెల బాగానే గడిచింది. వరండాలో నల్లబల్ల మీద నాలుగు గళ్లు గీసి హౌసులకి పాయింట్లు వేసేవారు. జుట్టు దువ్వుకుంటే రెండు, గోళ్లు తీసుకుంటే రెండు, ప్రార్థనలో కళ్లు మూసుకుంటే మూడు. కళ్లు మూసుకున్నదీ లేనిదీ చూడడానికి హౌసుకొక పిల్ల కళ్లు తెరిచి ఉండేది. ఆ పిల్లకి మాత్రం మూడూ పోయేవి.

చిక్కు హైమ వల్ల వచ్చింది. ఓ రోజు ఉమాపతి మాస్టారు బోర్డు మీద లెక్క వేసి ఎవరు చేస్తారంటే, ఆకుపచ్చ బెంచీలోంచి లేచి హైమ చేసింది. మాస్టారు సంతోషం పట్టలేక, "శభాష్! ఐదు పాయింట్లు!" అన్నారు. సాయంత్రానికి ఎరుపు హౌసు పిల్లలు కట్టగట్టుకుని హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డారు.

"మా మాస్టారు మాకు లెక్కలు చెప్పాలి గాని, ఆకుపచ్చోళ్లకి చెప్పి, ఆళ్లకే పాయింట్లివ్వడం ఏటండి?"

హెడ్మాస్టరుకి అందులో న్యాయం కనిపించింది. వెంటనే స్పష్టత కోరుతూ పైకి రాశారు. మామూలుగా అయితే కూలిన గోడ గురించి రాసినా రెండేళ్లదాకా పలకని పై ఆఫీసు, దీనికి ఎనిమిదో రోజునే బదులిచ్చింది. "ఏ గృహమునకు చెందిన ఉపాధ్యాయుడైనను ఇతర గృహముల అభ్యున్నతికి దోహదపడు ఏ చర్యయైనను చేపట్టుట ఆరోగ్యకరమైన పోటీ స్ఫూర్తికి విఘాతముగా పరిగణింపబడును."

హెడ్మాస్టరు ఉమాపతి మాస్టారిని పిలిపించారు. తవిటయ్య టీ గ్లాసుతో అక్కడే ఉన్నాడు.

"చూడండి మాస్టారూ, మీరు పాఠం చెబితే పిల్లల అభ్యున్నతికి దోహదపడుతుందా, పడదా?"

ఉమాపతి మాస్టారు వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. "ఇరవై ఏళ్ల సర్వీసు సార్. కొద్దో గొప్పో పడుతుందనే అనుకుంటున్నాను."

"అయితే నిషిద్ధం. పడదని రాసివ్వండి, చెప్పుకోండి."

మాస్టారు రాసివ్వలేదు. ఆయన ఇంక్రిమెంటు మరో రెండు నెలల్లో ఉంది.

మర్నాటి నుంచి తరగతులు పోయి హౌసులు మిగిలాయి. ఆరు నుంచి పదిదాకా ఒకే రంగు పిల్లలంతా తమ ఇద్దరు టీచర్లతో ఒకే చోట కూర్చున్నారు. దసరా వచ్చేసరికి ఎరుపు పిల్లలు ఎంత పెద్ద సంఖ్యనైనా కళ్లు మూసుకుని హెచ్చవేసేవాళ్లు గాని, జ్వరమొస్తే సెలవు చీటీ రాయడం చేతనయ్యేది కాదు. నీలం పిల్లలు సెలవు చీటీ పద్యంలో రాసేవాళ్లు గాని, ఎన్ని రోజులు కావాలో లెక్క తేలేది కాదు. ఆకుపచ్చ పిల్లలు పొద్దున్నంతా ఎగిరి, మధ్యాహ్నమంతా బొత్తాలు కుట్టేవాళ్లు. ఊరు మొత్తానికి బొత్తం ఊడని చొక్కాలు వాళ్లవే.

పిల్లలు ఊరుకుంటారా? బోరింగు దగ్గర బేరాలు మొదలయ్యాయి. ఒక వ్యాసానికి రెండు లెక్కలు. ఒక గుండె బొమ్మకి, భాగాల పేర్లతో సహా, ఇంగ్లీషు ఉత్తరం ఒకటి. ఆకుపచ్చ పిల్లల దగ్గర ఇచ్చుకోడానికి ఏమీ లేక బొత్తాలు కుట్టిపెట్టి లెక్కలు తెచ్చుకునేవాళ్లు.

ఇది తెలిసి హెడ్మాస్టరు హౌసుల మధ్య సున్నంతో గీతలు గీయించారు. గీత దాటిన చదువు పట్టుకునే పని తటస్థుడైన తవిటయ్యకి అప్పగించారు. అందుకో రిజిస్టరు కూడా తెరిచారు. మొదటి పేజీలో హెడ్మాస్టరు స్వయంగా రాసిన పద్దు: "ఆకుపచ్చ గృహ విద్యార్థి జేబునందు లభ్యమైనది: వర్గ సమీకరణము ఒకటి, సగము సాధించినది. స్వాధీనపరచుకొనడమైనది."

ఆ సమీకరణం చీటీ మోస్తూ దొరికినవాడు ఆరో తరగతి పిల్లాడు. దాని మీద అక్షరాలు మాత్రం హైమవి. ఆ సంగతి తవిటయ్యకి తెలుసు. చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటిదగ్గర హైమ పొయ్యి ముందు కూర్చుని తండ్రి మొహం చూడకుండా అంది. "అయ్యా, మార్చిలో పరీక్షలు."

"ఊఁ."

"నాకు బొత్తం కుట్టడం వచ్చు. కాజా కూడా కుడతాను. లెక్కల పేపర్లో అవి అడుగుతారేటి?"

తవిటయ్య పొయ్యిలో పుల్ల ఎగదోశాడు.

"లెక్కలు పోతే పదోది పోయినట్టే. పాలిటెక్నిక్కు మాట మరి తలవక్కర్లేదు. నువ్వు కొట్టిన గంట వింటా ఇంట్లో కూకుంటాను, సరేనా?"

ఆ మాట తవిటయ్యకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇరవై ఆరేళ్ల కిందట ఇదే బడిలో ఏడో తరగతి లెక్కల్లో తప్పి, మళ్లీ కట్టి, మళ్లీ తప్పి, చివరికి గంట కొట్టే పనిలో చేరిన మనిషి. రోజుకి ఎన్ని పీరియడ్లో అన్ని గంటలు, అంతకు మించి లెక్క ఆయన చేతికి రాలేదు. కూతురికి వస్తుందని ఉమాపతి మాస్టారు ఆరో తరగతి నుంచీ చెబుతున్నారు.

రెండు రోజులు తవిటయ్య ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన మామూలుగానే మాట్లాడడు గనక ఎవరూ గమనించలేదు.

ఆ రెండు రోజులూ ఆయన చేతిలో ఉన్నది సర్క్యులర్ పుస్తకం. బడి పుట్టినప్పటి నుంచీ ఒక పద్ధతి ఉంది. హెడ్మాస్టరు అందరికీ చెప్పవలసింది ఏదైనా ఆ పుస్తకంలో నంబరు వేసి రాయాలి. అటెండరు దాన్ని గది గదికీ తీసుకుపోవాలి. టీచరు పాఠం ఆపి, పిల్లలకి చదివి వినిపించి, పక్కన పొడి సంతకం చెయ్యాలి. కూర్మారావు గారు పుస్తకంలో ఏముందో ఏనాడూ చదివి ఎరగరు. గుమస్తా రాసిన దాని కింద తవిటయ్య పెన్సిలుతో ఇంటూ గుర్తు పెడతాడు. ఆయన ఆ గుర్తు వెతుక్కుని, "అన్ని తరగతులలో చదివి వినిపించవలెను" అని రాసి సంతకం గీకుతారు. కిందటేడు మధ్యాహ్న భోజనం వంటామె ఇచ్చిన సరుకుల చీటీ పొరపాటున ఆ పుస్తకంలో ఉండిపోతే, దాని మీదా అలాగే రాసి సంతకం పెట్టారు. టీచర్లు అలాగే చదివారు. మర్నాడు ఆరో తరగతి పిల్లలు ముప్ఫై మంది తలా అరకిలో ఉల్లిపాయలు, చిటికెడు ఇంగువ పట్టుకొచ్చారు. ఎందుకని ఒక్క టీచరూ అడగలేదు, ఒక్క తండ్రీ అడగలేదు.

మూడో రోజు తవిటయ్య గంట స్తంభం దగ్గర ఉమాపతి మాస్టారిని ఆపాడు.

"బాబూ, సెప్పకూడదు సరే. రాయకూడదని ఉందేటి?"

"ఎక్కడ?"

తవిటయ్య చంకలోని పుస్తకం చూపించాడు.

మాస్టారు పుస్తకం వైపు చూశారు. తవిటయ్య వైపు చూశారు. ఎర్ర జెండా వైపు చూశారు. "తవిటయ్యా, నువ్వు ఏడో తరగతి తప్పావా?"

"రెండుసార్లండి."

"తప్పు నీది కాదు, అప్పటి లెక్కల మాస్టారిది," అని పుస్తకం అందుకున్నారు. "బోధన నిషిద్ధం. పరిపాలన నిషిద్ధం కాదు కదా."

ఆ మధ్యాహ్నం బయల్దేరిన సర్క్యులర్ ఇది:

"నం. 61. ఇందుమూలముగా అన్ని గృహముల విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, లంబకోణ త్రిభుజమునందు కర్ణముపై వర్గము, మిగిలిన రెండు భుజములపై వర్గముల మొత్తమునకు సమానముగా ఉండవలెను. భుజముల పొడవుతో నిమిత్తము లేకుండా ఇది అందరికీ వర్తించును. ఎట్టి సడలింపులు ఉండవు. నిరూపణ ఈ దిగువన జతపరచడమైనది."

దిగువన బొమ్మ ఉంది. మెట్టు తరవాత మెట్టు నిరూపణ ఉంది. దాని కింద ఇంటూ గుర్తు ఉంది. దాని పక్కన హెడ్మాస్టరు సంతకం ఉంది.

ఆకుపచ్చ హౌసులో దాలినాయుడు మాస్టారు పుస్తకం చేతికి తీసుకుని, అలవాటు చొప్పున పిల్లల్ని నిలబెట్టి, మైదానం అవతలికి వినపడేలా చదివారు. "లంబకోణ త్రిభుజమునందూ... కర్ణముపై వర్గమూ..." చదివి, పేజీలోకి వంగి, గొంతు తగ్గించి అడిగారు. "తవిటయ్యా, ఇదేటిది? కొత్త డ్రిల్లా?"

"నాకేటి తెలస్తాది బాబూ. హెడ్మాస్టరు గారి సంతకం ఉంది."

"ఉంది, ఉంది. అయితే అమలు చెయ్యాల్సిందే. ఒరే, రాసుకోండర్రా! బొమ్మతో సహా! తప్పు గీసినోడు రెండు రౌండ్లు పరిగెట్టాల!"

పిల్లలు రాసుకున్నారు. పాఠం చెబితే సగం మంది కిటికీలోంచి చూసేవాళ్లు. ఇది ఆర్డరు గనక అందరూ వంచిన తల ఎత్తకుండా రాశారు.

మర్నాడు హైమ ఒక కాగితం ఇచ్చింది. "హెడ్మాస్టరు గారి సముఖమునకు విజ్ఞాపన. నం. 61లో మూడవ మెట్టు ఎలా వచ్చినదో తెలియకున్నది. దయతో సవరణ ఉత్తర్వులు జారీ చేయ ప్రార్థన." తవిటయ్య దాన్ని ఉమాపతి మాస్టారికి చేర్చాడు. సాయంత్రానికల్లా "నం. 61కి వివరణ" బయల్దేరింది.

పది రోజులు తిరక్కుండానే మిగతా టీచర్లు పసిగట్టారు. ఇంగ్లీషు మాస్టారు, గడిచిపోయిన పనులన్నిటికీ ఇకపై భూతకాలమే వాడవలెననీ, ఉల్లంఘించిన వారి వాక్యములు రద్దగుననీ జారీ చేశారు. సైన్సు టీచరమ్మ, గుండెకు నాలుగు గదులు మంజూరైనవని ప్రకటించారు. పొద్దున్నే టీచర్లు స్టాఫ్ రూములో వరసలో నిలబడి పుస్తకంలో తమ వంతు రాసుకునేవారు. తవిటయ్య రోజుకి పదకొండు, పన్నెండు సర్క్యులర్లు మోసేవాడు. ఒక పుస్తకం నిండి రెండోది, రెండోది నిండి మూడోది. చెప్పులు రెండు జతలు అరిగాయి. హెడ్మాస్టరు సంతకం చేసీ చేసీ మణికట్టుకి గుడ్డ చుట్టుకున్నారు. "పరిపాలన భారం పెరిగిపోయింది తవిటయ్యా," అనేవారు.

"అవున్సారూ," అని తవిటయ్య తరవాతి ఇంటూ గుర్తు చూపించేవాడు.

జనవరిలో ఉప విద్యాధికారి గారు తనిఖీకి వచ్చారు. జెండాలు చూసి తల ఊపారు. పాయింట్ల బల్ల ముందు ఫొటో దిగారు. సున్నం గీతలు చూసి, "స్పష్టమైన విభజన, ప్రశంసనీయం," అన్నారు. ఆకుపచ్చ హౌసులోకి పోయి, ఎదురుగా ఉన్న పిల్లనే లేపారు. ఆ పిల్ల హైమ.

"అమ్మా, హౌసు వ్యవస్థ వల్ల నువ్వు పొందిన ఫలితం ఒకటి చెప్పు."

హైమ చేతులు కట్టుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "సర్క్యులర్ నంబరు అరవై ఒకటి ప్రకారం కర్ణం మీద వర్గం మిగిలిన రెండు భుజాల మీద వర్గాల మొత్తానికి సమానం సార్. సడలింపులు లేవు."

గుమ్మంలో నిలబడ్డ తవిటయ్య చంకలోని పుస్తకాన్ని వీపు వెనక్కి మార్చుకున్నాడు.

"ఏ సర్క్యులర్?" అన్నారు అధికారి గారు.

హెడ్మాస్టరు గదిలో మూడు పుస్తకాలూ బల్ల మీదికి వచ్చాయి. అధికారి గారు పేజీలు తిప్పుతుంటే కూర్మారావు గారు తల వంచి, తన సంతకాల పైన ఉన్నవాటిని జీవితంలో మొదటిసారి చదువుకుంటున్నారు. ఉమాపతి మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"నంబరు నూట పద్దెనిమిది," అధికారి గారు చదివారు. "'విచక్షణి సున్నా కంటే తక్కువైన యెడల సదరు సమీకరణమునకు వాస్తవ మూలములు లేవని ప్రకటించడమైనది.' కూర్మారావు గారూ, మూలాలు లేవని మీ స్థాయిలో మీరే ప్రకటించేశారా? పై కార్యాలయ అనుమతి ఏదీ?"

"అది... అత్యవసర దృష్ట్యా సార్..."

"అత్యవసరమైతే తాత్కాలికంగా లేవని ప్రకటించాలి. అనుమతి వచ్చాక శాశ్వతంగా. ఇవన్నీ పరిధిని అతిక్రమించినవి. మూడు వందల నలభై ఆరు సర్క్యులర్లు! మొత్తం రద్దు చేస్తున్నాను. పుస్తకాలు నాతో వస్తాయి. రద్దు ఉత్తర్వు రాయండి."

పరీక్షలకి నెలన్నర ఉంది. గది బయట, కిటికీకి అవతల, హైమ చున్నీ కొస కనిపిస్తోంది. తవిటయ్య దాన్ని చూశాడు. తరవాత ఉమాపతి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు వచ్చి మూడో పుస్తకంలో తెల్ల పేజీ తీసి, నిదానంగా, గుండ్రటి అక్షరాలతో రాశారు. తవిటయ్య ముందుకి వచ్చి దాని అడుగున పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టాడు.

"సంతకం ఇక్కడండి బాబూ."

అధికారి గారు కలం మూత తీశారు. తీసి, ఆయన కూర్మారావు గారి కంటే ఒక మెట్టు పై అధికారి గనక, చదివారు.

"లంబకోణ త్రిభుజమునందు కర్ణముపై వర్గము మిగిలిన రెండు భుజములపై వర్గముల మొత్తమునకు సమానము అను నియమము నేటి నుండి జీలుగువలస పాఠశాల పరిధిలో రద్దు చేయడమైనది. ఇట్లు, ఉప విద్యాధికారి."

కలం కాగితానికి అంగుళం ఎత్తున ఆగింది. పంకా లేని గదిలో ఆయన నుదుటి మీద చెమట కనిపించింది.

"ఈ నియమం... మన జిల్లాలోనే అమల్లో ఉందా?"

"అన్ని జిల్లాల్లోనూ ఉంది సార్," అన్నారు ఉమాపతి మాస్టారు.

"ఎప్పటి నుంచి?"

"చాలా కాలం నుంచి సార్. తేదీ దొరకదు."

"అంటే పాత ఉత్తర్వు." అధికారి గారు కలానికి మూత పెట్టారు. "మనకంటే ముందు వాళ్లు ఇచ్చినవాటిని రద్దు చేసే అధికారం నాకు లేదు. ఆ మాట ముందే చెప్పాలి కదయ్యా!" ఆయన గొంతు మళ్లీ గట్టిపడింది. "సరే, అమల్లో ఉన్న ఉత్తర్వే అయితే, అమలు నివేదికలేవి? జారీ చేసి చేతులు దులుపుకుంటే సరిపోతుందా? ప్రతి విద్యార్థీ ప్రతి సర్క్యులర్‌నూ స్వహస్తాలతో అమలు చేసి చూపాలి. ఒక్కొక్కదానికి కనీసం ఐదు ఉదాహరణలు. వారం వారం నాకు పంపండి."

"ఐదు చాలా సార్?" అన్నారు ఉమాపతి మాస్టారు.

"పది," అన్నారు అధికారి గారు.

ఆ నెలన్నరా జీలుగువలస పిల్లలు చేసినన్ని లెక్కలు ఆ జిల్లాలో మరే పిల్లలూ చెయ్యలేదు. సాయంత్రాలు అరుగుల మీద కూర్చుని అమలు చేసేవాళ్లు. తండ్రులు కూడా అడ్డు చెప్పలేదు. చదువంటే రేపు చూడొచ్చు, ఇది పై ఆఫీసుకి పోయేది.

లెక్కల పరీక్ష రాసి వచ్చిన రోజున హైమ మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఏటమ్మా, రాలేదేటి?"

"అన్నీ వచ్చాయి అయ్యా. కానీ నిరూపణ చివర అలవాటుగా 'తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది' అని రాసీసినాను."

తవిటయ్య ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఫలితాలొచ్చేదాకా గంట కొట్టేటప్పుడు ఒకటి రెండుసార్లు లెక్క తప్పాడు. దిద్దిన మాస్టారు ఎవరో గాని, ఏ ఆఫీసు కాగితమనుకున్నారో గాని, చర్య తీసుకున్నారు. ఆ ప్రశ్నకి మార్కులు పూర్తిగా పడ్డాయి.

జూన్‌లో బడి తెరిచేసరికి కొత్త ఆర్డరు సిద్ధంగా ఉంది. పట్నంలో పేరు మోసిన బడులు హౌసులు మానేసి గుండ్రంగా కూర్చుంటున్నాయట. జెండాలు దింపేశారు. సున్నం గీతలు వానకి పోయాయి. ఉమాపతి మాస్టారు ఏడాది తరవాత పదో తరగతి గదిలోకి అడుగుపెట్టి, గుండ్రంగా కూర్చున్న పిల్లల మధ్య నిలబడి, ఆప్యాయంగా ఒక సూత్రం చెప్పారు. ఎవరూ పుస్తకం తెరవలేదు. చివరికి ఒక పిల్ల లేచి అడిగింది. "నంబరెంత సార్?"

ఆ రోజే హైమ మార్కుల జాబితా నకలు మీద హెడ్మాస్టరు సంతకం కావలసి వచ్చింది, పాలిటెక్నిక్కు కాగితాలతో పెట్టడానికి. తవిటయ్య దాన్ని సర్క్యులర్ పుస్తకంలో పెట్టుకుని పోయాడు. అడుగున ఇంటూ గుర్తు పెట్టాడు. కూర్మారావు గారు గుర్తు వెతుక్కున్నారు. "అన్ని తరగతులలో చదివి వినిపించవలెను" అని రాశారు. సంతకం గీకారు.

తవిటయ్య బయటికి వచ్చి కాగితం చూసుకున్నాడు. వెనక్కి పోయి చెబితే ఇంకో నకలు మీద మళ్లీ పెడతారు. దానికేం, సాయంత్రం పెట్టించుకోవచ్చు. ఆర్డరు మాత్రం ఆర్డరే.

ముందు పదో తరగతికి పోయాడు. తరవాత తొమ్మిది, ఎనిమిది. వరస ప్రకారం పోక ఆరో తరగతికి పోయి, ఏడోది చివరికి ఉంచుకున్నాడు. టీచర్లు పాఠం ఆపి, కాగితం అందుకుని, చదివి, పొడి సంతకం చేసి ఇచ్చారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఏడో తరగతి గదిలో దాలినాయుడు మాస్టారున్నారు. ఆయన పిల్లల్ని నిలబెట్టారు. "తవిటి హైమావతి! గణితమూ! వందకి ఎనభై ఏడూ!" మైదానం అవతల దాకా వినిపించింది.

ఇన్నేళ్లలో తవిటయ్య ఎప్పుడూ చదివేదాన్ని చెవిన పెట్టింది లేదు. పుస్తకం ఇచ్చి, గోడకి ఆనుకుని, బయటికి చూస్తూ ఉండేవాడు. ఆ రోజు గదిలోకి వచ్చి, గుండ్రంలో పట్టక గోడవార మిగిలిన వెనక బెంచీ పక్కన, తను రెండేళ్లు కూర్చున్న చోట నిలబడి విన్నాడు.

"అర్థమైందా?" అన్నారు దాలినాయుడు మాస్టారు పిల్లల్ని.

"బాబూ," అన్నాడు తవిటయ్య. "ఎనక బెంచీకి సరిగ్గా ఇనపళ్లేదు. ఇంకోసారి సదవండి."